గేపింగ్ గిల్ అనే బిలంలోకి ఎవరైనా దిగారా? అమ్మతో వెళ్ళొచ్చా?

మియాపూర్_లాస్ట్_స్టాప్:

హాయ్ అందరికీ. ఆగస్టు ఆఖర్లో అమ్మా నేనూ లీడ్స్ వెళ్తున్నాం, అక్కా బావా అక్కడే ఉంటారు. లండన్ అదీ ఇదీ ఎలాగూ ఉన్నాయి కానీ మా బావ ఒక వీడియో పంపాడు, అప్పట్నుంచి నా బుర్రంతా అదే. యార్క్‌షైర్‌లో ఇంగిల్‌బరో అని కొండ ఉందట, దాని పక్క వాలులో గడ్డి మైదానం మధ్యలో నేలకి పెద్ద కన్నం, ఒక వాగు మామూలుగా పారుతూ వచ్చి వచ్చి అందులో పడి మాయమైపోతుంది. లోతు 98 మీటర్లు. మన హుస్సేన్ సాగర్ బుద్ధుడు 18 మీటర్లు కదా, ఐదుగురు బుద్ధుల్ని ఒకరి నెత్తిమీద ఒకర్ని నిలబెట్టినా పైన ఇంకో రెండంతస్తుల ఇల్లు పట్టేంత ఖాళీ ఉంటుంది.

మామూలు రోజుల్లో తాళ్ళతో దిగడం వచ్చినవాళ్ళే దిగుతారట. కానీ ఏడాదికి రెండుసార్లు, మే చివర్లో ఒకసారి ఆగస్టు చివర్లో ఒకసారి, అక్కడి గుహల క్లబ్బులవాళ్ళు కన్నం మీద వించ్ (తాడుని చుడుతూ, వదుల్తూ పైకీ కిందికీ లాగే యంత్రం) బిగించి, కుర్చీలో కూర్చోబెట్టి మనలాంటి వాళ్ళని కూడా దింపుతారట. మేం ఉండేది సరిగ్గా ఆ వారమే!

ఇప్పుడు నా బాధలు చెప్తా. నాకు ఎత్తులంటే భయం, గోల్కొండ పైన బాలా హిస్సార్ దగ్గర గోడ అంచుకి పోవాలంటేనే అరికాళ్ళు జివ్వుమంటాయి. అమ్మకి 61, మోకాళ్ళ నొప్పులు. వీడియో చూపిస్తే "పాతాళానికి పోడానికి టికెట్ కొనుక్కుంటారటే ఎవరైనా" అని ఒకటే మాట, మళ్ళీ దాని గురించి ఎత్తనివ్వట్లేదు. బావేమో ఆరేళ్ళ నుంచి లీడ్స్‌లో ఉండి ఒక్కసారీ వెళ్ళలేదు, మమ్మల్ని మాత్రం తెగ ఎగదోస్తున్నాడు. నిజంగా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, అంత విలువ ఉందా, ఏం వేసుకోవాలి, అమ్మని ఏం చెయ్యాలి?

ఉప్పల్_టు_పాతాళం:

నేను దిగిన అక్కా. ఆడ ఎమ్మెస్సీ చదివేటప్పుడు. రెండుసార్లు పోయిన, ఒక్కసారే దిగిన, ఆ కథ ముందు చెప్తా ఎందుకంటే నీక్కూడ అదే అయితది చూసుకోకపోతే.

మొదటిసారి ఏం కనుక్కోకుండ ముగ్గురం పోయినం. లీడ్స్ నుంచి మోర్‌కాంబ్ లైన్ల పోయే రైలెక్కి క్లాపమ్‌ల దిగాలె, స్టేషన్ నుంచి ఊర్లకి నడక, ఊర్ల నుంచి పైకి ఇంకో గంటన్నర నడక. రాత్రంతా వాన పడ్డదని తెల్సు కానీ వాన పడితే ఏమైతది నీళ్ళు ఎక్కువుంటయ్ ఇంకా మంచిగుంటది అనుకున్నం. పైకి పోయినంక ఆడున్నోళ్ళు మస్తు మర్యాదగ చెప్పిన్రు, వాగు పొంగింది, వించ్ ఆపేసినం అని. మా తప్పే, పొద్దున ఒక్కసారి క్లబ్ పేజీ చూస్తే తెల్సేది. ఆ గాలిల గొర్రెల నడుమ నిలబడి తెచ్చుకున్న సమోసలు తిని వాపస్ వచ్చినం. ఆ గొర్రెలు కూడ జాలిగ చూసినయ్.

తెల్లారి సంవత్సరం పక్కాగ పోయిన. ఇప్పుడైతే ముందే ఆన్‌లైన్‌ల బుక్ చేసుకోవాలె. మేల చేసేది బ్రాడ్‌ఫర్డ్ క్లబ్, ఆగస్టుల చేసేది క్రేవెన్ పాట్‌హోల్ క్లబ్, రెండు వేరే వేరే, కలిపి చూస్కోకు. అందరూ వాలంటీర్లే, జీతాలు ఏం ఉండయ్, సొంత లీవులు పెట్టుకొని ఆడ టెంట్లేసుకొని ఉంటరు. దిగుడు ఫ్రీ, పైకి తెచ్చేదానికే పైసలు అని ఆడ ఒక పాత జోకుంది, లైన్ల నిలబడ్డప్పుడు కనీసం ఇద్దరు ముగ్గురు చెప్తరు, నవ్వాలె.

ఇగ కుర్చీ. మన నుమాయిష్‌ల జెయింట్ వీల్ సీటు ఉంటది చూడు, దాంట్ల సగం అనుకో, ఒక్కరికే. కూర్చోబెట్టి ముందు కడ్డీ ఏస్తరు, కాళ్ళు లోపలికి పెట్టు, మోచేతులు లోపలికి పెట్టు అంటరు, గంతే, కాళ్ళకింద పలక వెనక్కి జరుగుతది. జరిగినంక కింద ఏం లేదు. ఆ ఒక్క సెకండు మాత్రం అమ్మ యాదికొచ్చింది, అబద్ధం చెప్ప. తర్వాత ఒక నిమిషంల కింద ఉంటవ్. భయపడాలనుకునేలోపే అయిపోతది, నీలాంటోళ్ళకి అదే మంచిది. కిందికి చూస్తే చీకటే కనపడతది, లోతు తెల్వదు, అందుకే గోల్కొండ గోడ అంత భయం కూడ కాలే నాకు. కళ్ళు మాత్రం మూసుకోకు. పైన నాచు, ఫెర్న్ ఆకులు, తడిసిన నల్ల రాయి మోకాలికి తగుల్తదా అన్నట్టు పోతయ్, పోంగ పోంగ ఒక్కసారి గోడలు ఎటో పోతయ్. అంటే నువ్వు బాయిల నుంచి ఒక పెద్ద హాలు పైకప్పుకెంచి లోపలికి వస్తున్నవన్నట్టు. గుమ్మటం నెత్తిల రంధ్రం పెట్టి దాంట్లకెంచి దారం మీద దిగే సాలెపురుగు లెక్క.

ఆ హాలు 129 మీటర్ల పొడుగు, 31 ఎత్తు, 25 వెడల్పు. దిగంగనే ఏం కనపడదు, ఏం వినపడదు కూడ, నీళ్ళ మోత తప్ప. ఒక పెద్దాయన కడ్డీ తీసి చెయ్యి పట్టి అవతలికి పంపిండు, నోరు ఆడుతుంది గానీ మాట రాలే. ఒక పది నిమిషాలు రాళ్ళమీద ఊకనే నిలబడు. కళ్ళు అలవాటైతయ్. అప్పుడు పైన ఆ కన్నం చిన్నగ తెల్లగ కనపడ్తది, దాంట్లకెంచి వెలుగు తుంపర్లమీద పడి ఒక పొగ స్తంభం లెక్క నిలబడ్తది. నీళ్ళు ధారగ పడయ్, అంత ఎత్తు నుంచి పడేసరికి పగిలిపోయి ముద్దలు ముద్దలు, జొన్న పేలాలు ఎవరో పై నుంచి గుప్పిళ్ళతోటి ఇసిరినట్టు, పైగ మెల్లగ పడ్తున్నట్టు అనిపిస్తయ్. నేను ఒక్క ముద్దనే పై నుంచి కింద దాక చూసుకుంట మెడ పట్టేసింది.

జీన్స్ వద్దు, తడిస్తే రోజంత బరువు. పైనా కిందా రెండూ వాటర్‌ప్రూఫ్, నా జాకెట్ "షవర్ ప్రూఫ్" అని రాసుండె, ఆడ పని చెయ్యలే. పట్టున్న బూట్లు, సాక్సులు రెండు జతలు, ఫోన్ జిప్ కవర్ల. హెల్మెట్ వాళ్ళిస్తరు. చున్నీ, స్కార్ఫ్ లాంటివి ఏలాడేయకు. పైనా లైనే, పైకి రావడానికి కింద కూడ లైనే, గంటలు పడ్తది, కాబట్టి బాత్రూం పని ముందే ఊర్ల చూసుకో.

అమ్మని మాత్రం పై దాక నడిపియ్యకు. మధ్యల ట్రౌ గిల్ అని సన్న లోయ ఉంటది, దాని చివరకి బండరాళ్ళమీద ఎక్కాలె. దానికన్న ముందు ఇంగిల్‌బరో కేవ్ వస్తది, ఆడి దాక బాట మంచిగుంటది, మెల్లగ నడవొచ్చు. అది టికెట్ పెట్టి చూపించే గుహ, 1837 నుంచి చూపిస్తున్నరు. అమ్మని అక్కతోటి ఆడ వదులు.

తాడిపత్రి_నాపరాయి:

ఏమ్మా, అన్ని పౌండ్లు పోసి ఆ చలిలో యాడికో పోయేది, మన బెలుం లేదా? మా అమ్మగారి ఊరు కొలిమిగుండ్ల పక్కనే, చిన్నప్పుడు ఆ గుహల్లోకి మేకలు తప్పిపోతే కాగడాలు పట్టుకోని దిగేవాళ్ళంట మా తాతోళ్ళు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర రాసి పెట్టినాడు, మళ్ళా వంద సంవత్సరాలు ఎవరికీ పట్టలేదు, 1982 తర్వాత గెబావర్ అనే జర్మనీ ఆయన జట్టుతో వచ్చి కొలతలు తీసినాడు. 3,229 మీటర్లప్పా పొడవు! ఒకటిన్నర కిలోమీటరు మనకు చూపిస్తారు. ఆడ కూడా పైన చూస్తే పొలం మధ్యలో బావి మాదిరే ఉండాది, మెట్లు దిగి పోవాల. అన్నిటికంటే లోతు పాతాళగంగ, నేల మట్టం నుంచి 46 మీటర్లు, ఆడ సన్నగా నీళ్ళు పారతాంటాయి, పారి పారి మళ్ళా రాతి కిందికే దూరిపోతాయి.

జలపాతం అనేదానికి లేదులే, అది ఒప్పుకోవాల్సిందే. పోయిన ఏడు ఎల్బీ నగర్ నుంచి మేము ఇరవై మందిమి ఒక ట్రావెల్స్ వాళ్ళ బండి మాట్లాడుకోని పోతే ఏసీ కర్నూలు కాడే చచ్చిపాయ, ఎండాకాలం, గుహలో దిగితే బయటి కంటే లోపల ఉక్క, చొక్కాలు పిండుకున్న్యాం. డిసెంబర్లో పోండి మీరు. పేరు చెప్పనులే ఆ ట్రావెల్స్‌ది.

మియాపూర్_లాస్ట్_స్టాప్:

@ఉప్పల్_టు_పాతాళం అన్నా థాంక్యూ సో మచ్, జొన్న పేలాల దగ్గర మూడుసార్లు చదివా. బుకింగ్ ఇవాళే చూస్తా.

@తాడిపత్రి_నాపరాయి గారూ, బెలుం మా స్కూల్ వాళ్ళు ఎక్స్‌కర్షన్ తీసుకెళ్ళారు, పాతాళగంగ దగ్గర నా చెప్పు జారి నీళ్ళలో పడింది, పోయింది. అది ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. అసలు నాకొచ్చిన డౌటు కూడా అదే, గేపింగ్ గిల్లో వాగుకి వాగు రోజూ పడుతూనే ఉంటే ఆ హాలు నిండిపోదా? ఆ నీళ్ళన్నీ ఎటు పోతాయి?

గులకరాయి_మాస్టారు:

అమ్మాయ్, మంచి ప్రశ్న అడిగావు. నేను ముప్పై ఏళ్ళు జియాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఎవరైనా ఇలాంటిది అడిగితే ఆగలేను, కొంచెం ఓపిక పట్టు.

ముందు మన ఊరు చూడు. జూబ్లీహిల్స్‌లో, గచ్చిబౌలిలో రాతి గుట్టలు ఉన్నాయే, అది గ్రానైటు, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. దానిమీద వాన పడితే రాయి పగుళ్ళ వెంట విడిపోతుంది, గుండ్రంగా అరుగుతుంది, బండలు ఒకదానిమీద ఒకటి నిలబడతాయి, కానీ లోపల గుహగా కరగదు. సున్నపురాయి సంగతి వేరు. వాన నీరు గాల్లోంచి, నేల మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది, మన గోలీ సోడాలో ఉండేదే, అంతకంటే చాలా పల్చన. ఆ పులుపుకి సున్నపురాయి కొంచెం కొంచెంగా కరుగుతుంది. బెలుమూ అంతే, ఇంగిల్‌బరో అడుగున ఉన్నదీ అంతే.

మరి అక్కడ బావిలా నిట్టనిలువుగా ఎందుకు పడింది అంటే, ఆ కొండ పొరల కేకులాంటిది. పైభాగంలో షేలు అనే బంకమట్టి గట్టిపడిన రాయి, ఇసుకరాయి, వాటిమీద పీట్ అనే నల్లటి బురదనేల. నీరు వాటిలోంచి ఇంకదు, కాబట్టి పైన పారి వాగవుతుంది. ఆ వాగు పేరు ఫెల్ బెక్. కిందికి వచ్చి సున్నపురాయి మొదలైన చోట పగులు దొరికిందా, ఇక పైన పారాల్సిన అవసరం ఏముంది? నేరుగా దిగిపోతుంది. అందుకే ఆ కొండ చుట్టూ సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఇలాంటి బిలాలు చాలా ఉన్నాయి, ఇది అన్నిట్లో పేరున్నది. 1999లో డెర్బీషైర్‌లో టైటన్ అనేది దొరికేదాకా బ్రిటన్‌లో తెలిసిన వాటిలో ఇదే లోతైన నిలువు బిలం.

నిండిపోదా అన్నావు. అడుగున గులకరాళ్ళు పరుచుకుని ఉంటాయి, ఉప్పల్ అబ్బాయి నిలబడింది వాటిమీదే. నీరు ఆ రాళ్ళ సందుల్లోంచి ఇంకా కిందికి ఇంకిపోయి, ఎవరూ చూడని దారుల్లో కొండ లోపల నడిచి, ఇంగిల్‌బరో కేవ్ పక్కనే బయటికి వస్తుంది. అక్కణ్ణుంచి అది క్లాపమ్ ఊరి మధ్యగా పారే వాగు. నీరు వెళ్తోందంటే మనిషీ వెళ్ళగలడేమో అని గుహల వాళ్ళు ఎన్నో దశాబ్దాలు వెతికి, చివరికి 1983లో డైవర్లు ఆ రెండు గుహల్నీ కలిపారు. అంటే పైన నీ నెత్తిన పడ్డ నీళ్ళే మీ అమ్మగారు కూర్చునే చోటికి వస్తాయన్నమాట.

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటాను. 1842లో బిర్క్‌బెక్ అని ఒకాయన, పడే నీళ్ళు అడ్డుగా ఉన్నాయని వాగుని పక్కకి మళ్ళించడానికి కాలువ తవ్వించి మరీ తాడుమీద దిగాడు, సగం దాటి ఒక రాతి అరుగు దాకా వెళ్ళి ఆగిపోవాల్సొచ్చింది. ఆ అరుగుకి ఇప్పటికీ ఆయన పేరే. అడుగు దాకా మొదట వెళ్ళింది మార్టెల్ అనే ఫ్రెంచి లాయరు, 1895లో, తాళ్ళ నిచ్చెనమీద, పైవాళ్ళతో మాట్లాడ్డానికి టెలిఫోన్ తీగ వెంట పెట్టుకుని. కోర్టు పని మానేసి గుహలు పట్టుకు తిరిగిన మనిషి. ఇంగ్లీషు వాళ్ళ బిలంలో ఫ్రెంచి ఆయన మొదట దిగాడని అప్పట్లో వాళ్ళకి కొంచెం గుచ్చుకుందేమో, అది నా ఊహ అనుకో.

కుక్కట్‌పల్లి_కాకి:

ఆరేళ్ళుగా పక్కనే ఉండి వెళ్ళని ఆ బావగారిని ముందు దింపండి. ఆయన తిరిగొస్తే మీరు వెళ్ళండి.

మియాపూర్_లాస్ట్_స్టాప్:

అందరికీ అప్‌డేట్!! వెళ్ళొచ్చి పది రోజులైంది, జెట్ లాగ్, ఆఫీసు, అమ్మ తెచ్చిన సామాన్లు సర్దడం, ఇప్పటికి కుదిరింది.

కాకి గారి సలహా పాటించాం, బావనే ముందు పంపించాం. పొద్దున క్లాపమ్‌లో కారు దిగిన దగ్గర్నుంచి జోకులేస్తూ నడిచాడు, ట్రౌ గిల్ బండల దగ్గర కూడా ఆగకుండా మాట్లాడాడు, కుర్చీ కడ్డీ పడగానే ఒక్క ముక్క లేదు. మేం లైన్లో రెండు గంటల పైనే కూర్చున్నాం, గాలి మామూలుగా లేదు, ఆగస్టులో చెవులు నొప్పెట్టడం ఏంటండీ. అమ్మ తెల్లారుజామునే లేచి పులిహోర చేసి ఇచ్చింది, పక్కన కూర్చున్న ఒక ముసలి జంటకి పెడితే ఆవిడ వేరుశనగలు ఏరుకుని ఏరుకుని తిన్నారు, ఎండుమిర్చి మాత్రం పక్కన పెట్టేశారు.

నా వంతు వచ్చింది. పలక జరిగింది. ఉప్పల్ అన్నా, నువ్వు చెప్పినట్టే ఒక్క సెకండు అమ్మ గుర్తొచ్చింది, కానీ నాకు గుర్తొచ్చింది ఆవిడ కాదు, ఆవిడ తిట్లు. కళ్ళు మూసుకోలేదు. నిజం చెప్పాలంటే సగం దూరం నా మోకాలి మీద పడుతున్న నీటి చుక్కల్నే చూస్తూ దిగాను, అదీ చూడ్డమే కదా. వాగులో చాలా నీళ్ళని వాళ్ళు చిన్న అడ్డుకట్ట వేసి పక్క దారికి మళ్ళిస్తారు, లేకపోతే కుర్చీ నేరుగా ధారలోనే దిగాలి, అయినా తడిశాం. గోడలు ఎటో పోతయ్ అన్నావే, ఆ క్షణంలో నాకు కడుపులో ఖాళీ అయిపోయినట్టయింది, భయమో ఆనందమో తేల్చుకునేలోపు ఎవరో చెయ్యి పట్టుకుని దింపేశారు. కింద దీపాలు పెట్టారు, చీకట్లో అటూ ఇటూ హెల్మెట్ లైట్లు మిణుగురుల్లా తిరుగుతుంటే దూరంగా గోడ దగ్గర ఒక చిన్న బొమ్మ కనిపించింది, అది మా బావ. అంత చిన్నగా కనిపించేసరికి అప్పుడు తెలిసింది ఆ హాలు ఎంతుందో. నంబర్లు చదివినప్పుడు తెలీలేదు.

జొన్న పేలాలు చూశాను. మెడ పట్టేసింది.

పైకి రావడానికి కింద ఇంకో గంట. వేళ్ళు ముడతలు పడిపోయాయి, ముక్కు కారుతోంది, నా వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మీద నమ్మకం పెట్టుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నా. పైకొచ్చి ఎండలో నిలబడితే గడ్డి రంగు కళ్ళకి గుచ్చుకుంది, అంత పచ్చగా ఎప్పుడూ కనపడలేదు నాకు.

ఇక అమ్మ సంగతి. అక్కతో కలిసి ఇంగిల్‌బరో కేవ్ చూసింది, "చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది, దేవుడే లేడు" అని రివ్యూ ఇచ్చింది. మేం దిగొచ్చేసరికి వాగు ఒడ్డున రాయిమీద కూర్చుని ఉంది. మాస్టారూ, మీరు చెప్పిన మాటే చెప్పాను, అమ్మా ఇందాక నామీద పడ్డ నీళ్ళే ఇవి, కొండ లోపల్నుంచి నడిచి నీ దగ్గరికి వచ్చాయి అని. ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత చెప్పులు విప్పి, వంగి, ఆ మోకాళ్ళతోనే, నీళ్ళు తీసుకుని నెత్తిన చల్లుకుని నామీద కూడా చల్లింది. "పాతాళగంగే కదే మరి, ముందే చెప్పొచ్చుగా, పసుపు కుంకుమ తెచ్చుకునేదాన్ని" అంది. అంతటితో ఆగలేదు, ఖాళీ అయిన నీళ్ళ బాటిల్ నింపి, మూత బిగించి, కవర్లో చుట్టి, నా సూట్‌కేసులో పెట్టింది. ఇప్పుడది మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంది. ఎవరూ ముట్టుకోకూడదట.

గులకరాయి_మాస్టారు:

చాలా సంతోషం అమ్మాయ్. అందులో ఒక గ్లాసుడు చిన్న గిన్నెలో పోసి మరిగించి చూడమని అమ్మగారికి చెప్పు. నీళ్ళు ఇగిరాక అడుగున తెల్లటి పొర మిగుల్తుంది. ఆ బిలంలోంచి, ఆ దారుల్లోంచి వాగు కరిగించుకుని తెచ్చిన రాయి అది.

మియాపూర్_లాస్ట్_స్టాప్:

చెప్పాను మాస్టారూ. గంగని పొయ్యిమీద పెడతారా అని మిమ్మల్ని కూడా తిట్టింది.